తిరిగొచ్చిన అడ్వాన్సు

ఆ ఇంటి కోడలికి తన భర్త మీద ఉన్న ఫిర్యాదు నిజానికి చాలా చిన్నది. ఇంట్లో మాటామాటా పెరిగిన ప్రతిసారీ అతనికి ఏదో ఒక వస్తువు పాడైనట్టు కనబడుతుంది. వెంటనే స్క్రూడ్రైవర్ తీసుకుని అందులో తల దూరుస్తాడు. గొడవ చల్లారాక తల బయటికి తీస్తాడు. పెళ్ళయిన నాటి నుంచీ ఇదే వరస. అందువల్ల ఆ ఇంట్లో కారే కొళాయి లేదు, కిర్రుమనే తలుపు లేదు, ఆగి ఆగి తిరిగే ఫ్యాను లేదు. చూడవచ్చినవాళ్ళు ఇల్లెంత పొందిగ్గా ఉందో అని మెచ్చుకుంటారు. ఆ పొందిక వెనక ఎన్ని పోట్లాటల పెట్టుబడి ఉందో కోడలికి తెలుసు.

ఈ ఉదయం అతని తల వంటగది అలమరలో ఉంది. భుజాలు కూడా లోపలే ఉన్నాయి. అంటే వ్యవహారం ముదిరిందన్నమాట.

"మళ్ళీ తిరిగొచ్చిందా?" అన్నారు మామగారు, పేపరు మడిచి మోకాలి మీద పెట్టుకుని.

"వచ్చింది మావయ్యగారూ."

"ఏమనిట?"

"మొన్నటిలాగే. రూటింగ్ నంబరు చెల్లదని."

రూటింగ్ నంబరంటే బ్యాంకుకు చిరునామాలాంటిది, తొమ్మిది అంకెలుంటాయి. వచ్చే డబ్బు ఏ బ్యాంకు గుమ్మం తట్టాలో చెప్పేది అదే. లోపలికి వెళ్ళాక ఎవరి ఖాతాలో కూర్చోవాలో చెప్పేది ఖాతా నంబరు. కోడలికి రావలసిన అడ్వాన్సుకు అసలు గుమ్మమే దొరకలేదు. ఎక్కడెక్కడో తిరిగి, బయల్దేరిన చోటికే పోయి పడింది. ఇది రెండోసారి.

పంపినవాళ్ళు కొత్తగా కట్టిన సభాభవనం వాళ్ళు. వేదికకు తెర కుట్టమని కోడలికి ఆర్డరిచ్చారు. ఇన్నాళ్ళూ దిండు గలీబులూ కిటికీ కర్టెన్లూ కుట్టుకుంటూ వచ్చిన మనిషి, మొట్టమొదటిసారి ఒక వేదికను కప్పబోతోంది. అడ్వాన్సు అందితే గానీ బట్టల కొట్టాయన వెల్వెట్ తానులు వదలడు. తానులు రానిదే కత్తెర కదలదు. ఇక ఆర్డరే పోతే, ముందుగదిలోంచి కుట్టు మిషను లేచిపోయి ఆ గది అద్దెకు వెళ్తుంది. ఇది మామగారికీ కోడలికీ మధ్య, అత్తగారి సమక్షంలో, కిందటి నెల కుదిరిన ఒడంబడిక. మామగారు ఒడంబడికలో తన వంతు అప్పుడే మొదలుపెట్టేశారు. ఈ సాయంత్రమే గది చూడటానికి కళ్ళజోళ్ళ షాపాయన వస్తున్నాడు.

"ఒక అంకె అటూ ఇటూ రాసుంటావమ్మా," అన్నారు మామగారు.

"రాసింది నేనే. సరిచూసింది మీరేగా."

అది నిజమే. ఆ ఇంట్లో ఏ కాగితం బయటికి వెళ్ళాలన్నా మామగారి పెన్సిలు కింది నుంచే వెళ్ళాలి. ఆయన జన్మంతా ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దారు. వీధిలో అందరూ ఆయన్ని కామాగారనే అంటారు, ఎదురుగా తప్ప. ఆ రోజుల్లో ఒకరు మూలప్రతి పైకి చదువుతుంటే ఈయన అచ్చుకాగితం మీద పెన్సిలు నడిపేవారట. రిటైరయ్యాక ఆ పైకి చదివే ఉద్యోగం అత్తగారికి వచ్చింది, జీతం లేకుండా. కరెంటు బిల్లు నుంచి మందుసీసా మీది చీటీ దాకా ఆవిడ చదవాలి, ఆయన టిక్కులు పెట్టాలి. అడ్వాన్సు కోసం హాలు వాళ్ళు నింపమన్న ఫారం కూడా అలాగే వెళ్ళింది.

"నేను సరిచూసినప్పుడు సరిగ్గానే ఉంది," అన్నారు మామగారు. "నేను సరిచూశాక?"

"సరిచూశాక ఏంటి మావయ్యగారూ?"

"ఏమైనా దిద్దావా అని."

అలమరలో స్క్రూడ్రైవరు ఇంకాస్త జోరుగా తిరిగింది.

"అదేం మాటండీ!" అంది అత్తగారు. "తన డబ్బు తనకి రాకుండా అదెందుకు దిద్దుకుంటుంది?"

"ఎందుకో నాకేం తెలుసు? నా చేతిలోంచి వెళ్ళినప్పుడు ఒప్పు. అక్కడికి చేరేసరికి తప్పు. మధ్యలో ఉన్నదెవరు?"

"మధ్యలో పోస్టాఫీసుంది," అన్నాడు భర్త, అలమరలోంచి.

"నీ పని నువ్వు చూసుకో."

"చూసుకుంటున్నా నాన్నా."

కోడలు కప్పులు కడగడం మొదలుపెట్టింది. కడిగిన కప్పునే మళ్ళీ కడిగింది. ఆవిడకు కోపం రాలేదని కాదు. కోపాన్ని ఏ మాటలో పెట్టి బయటికి పంపాలో తేల్చుకునేలోపు సందర్భం దాటిపోవడం ఆవిడకు అలవాటు. అందుకే ఆ ఇంట్లో ఆవిడకు శాంతస్వభావురాలని పేరుంది.

"అయితే తప్పు ఆ హాలు వాళ్ళదే," అన్నారు మామగారు, కొంచెం ఆలోచించి. "ఆ అకౌంటెంటు ఎవరో, కొట్టేటప్పుడు తప్పు కొట్టుంటుంది. నేను ఫోన్ చేసి కనుక్కుంటా."

"మీరు చేయొద్దు మావయ్యగారూ. నేను బ్యాంకుకి వెళ్ళి అడిగొస్తాను."

"అడుగు. కానీ వాళ్ళేం చెప్తారు? మన ఫారం మన దగ్గరే లేదు."

"స్లిప్పు ఇంకోటి ఉందిగా. అది తీసుకెళ్తా."

ఆ స్లిప్పుకో కథ ఉంది. ఫారంతోపాటు రద్దు చేసిన చెక్కు ఒకటి జతచేయమని హాలు వాళ్ళు అడిగారు. మామగారు ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివించుకుని, నమ్మలేక కళ్ళజోడు తీసేశారు. బాగున్న చెక్కు మీద అడ్డంగా గీతలు గీసి పంపడానికి మనకేమైనా మతిపోయిందా అన్నారు. చెక్కు పుస్తకం వెనకవైపు డిపాజిట్ స్లిప్పులుంటాయి, మనం బ్యాంకులో డబ్బు కట్టేటప్పుడు ఇచ్చే చీటీలు. అందులోంచి ఒకటి చింపి జతచేశారు. అదే పేరు, అదే బ్యాంకు, అదే ఖాతా, కింద తొమ్మిది అంకెలు. ఇంతకంటే ఏం కావాలి వాళ్ళకి? కోడలు ఆ స్లిప్పు చూసే ఫారం నింపింది. అత్తగారు ఆ స్లిప్పే పైకి చదివింది. మామగారు టిక్కులు పెట్టారు. రెండోసారి కూడా అంతే, ఇంకాస్త గట్టి టిక్కులతో.

కోడలు చెక్కు పుస్తకం బ్యాగులో వేసుకుని చెప్పులేసుకుంటుంటే అత్తగారు గుమ్మం దాకా వచ్చింది.

"ఆయన మాటలు పట్టించుకోకే."

"పట్టించుకోలేదత్తయ్యా."

"పట్టించుకున్నట్టు కనబడుతున్నావు."

"ఎండకి అలా ఉన్నా."

"ఇంకా బయటికే వెళ్ళలేదు కదే," అంది అత్తగారు.

*

బ్యాంకులో కౌంటరు దగ్గరున్న గుమాస్తాకు జలుబు చేసింది. పక్కన చేతిరుమాళ్ళు మూడు, ఎదురుగా జనం. కోడలి వంతు వచ్చేసరికి అతను మూడో రుమాల్లో ఉన్నాడు.

"ఈ నంబరు మాదే," అన్నాడు స్లిప్పు చూసి.

"మీదైతే చెల్లదని ఎందుకంటున్నారండీ?"

"ఎవరన్నారు?"

"రెండుసార్లు డబ్బు వెనక్కెళ్ళింది."

అతను స్లిప్పును ఇటు తిప్పి అటు తిప్పి చూశాడు. "పంపినవాళ్ళకి ఏ నంబరిచ్చారు?"

"ఇదే. ఈ స్లిప్పు మీదదే."

"స్లిప్పు మీదదా!" అని తుమ్మాడు. కోడలు ఆగింది. "చెక్కు మీద నంబరు చూడలేదా?"

"రెండూ ఒక్క పుస్తకంలోవే కదండీ."

"పుస్తకం ఒకటే. నంబర్లు రెండు."

కోడలు చెక్కు పుస్తకం తెరిచింది. గుమాస్తా వేలితో చూపించాడు. చెక్కు అడుగున ఉన్న తొమ్మిది అంకెలు సున్నాతో మొదలయ్యాయి. స్లిప్పు అడుగున ఉన్నవి ఐదుతో మొదలయ్యాయి. ఇన్నేళ్ళుగా ఇంట్లో ఉన్న పుస్తకం. ఒక్కరూ రెండు చివరలూ కలిపి చూడలేదు.

"స్లిప్పులు మా కౌంటర్లో ఇవ్వడానికండీ. వాటి మీద నంబరు మా లోపలి లెక్కలకి. బయటి బ్యాంకుల జాబితాలో అది ఉండదు. దాంతో బయట్నుంచి డబ్బు పంపితే, మధ్యలో ఉండే మెషిను జాబితా అంతా వెతికి, ఇలాంటి బ్యాంకే లేదని వెనక్కి పంపేస్తుంది."

"ముద్దుపేరు రాసి ఉత్తరం వేసినట్టన్నమాట," అంది కోడలు.

"ఏంటండీ?"

"కవరు మీద బుజ్జిగారికి అని రాస్తే పోస్టుమాన్ ఎవరికిస్తాడు?"

గుమాస్తా ఒక్క క్షణం ఆలోచించాడు. "మా ఇంట్లో నన్ను బుజ్జీ అనే పిలుస్తారండీ," అన్నాడు, అదేదో తన మీద ఫిర్యాదైనట్టు.

"అయితే మీకు అర్థమైంది."

"అర్థమైంది."

వెనకాల ఎవరో గొంతు సవరించుకున్నారు. కోడలు కదల్లేదు.

"ఇంకొక్క మాటండీ. ఫారంలో అంకె ఏదైనా తప్పు రాసి ఉండటానికి వీలుందా?"

"లేదండీ. ఆ తొమ్మిదో అంకె ఉంది చూశారూ, అది మిగతా ఎనిమిదింటికీ కాపలా. వాటితో ఒక లెక్క కడితే ఇది రావాలి. ఒక్క అంకె తప్పు పడినా లెక్క కుదరదు, మెషిను మొదట్లోనే తీసుకోదు. మీది తీసుకుంది, పంపింది, ఆ తర్వాత తిరిగొచ్చింది. అంటే రాసినవాళ్ళు సరిగ్గానే రాశారు."

ఉదయం నుంచీ ఇంట్లో ఒక్కరూ అనని మాట. అన్నది జలుబు చేసిన పరాయి మనిషి. ఆ మనిషికి ఊరికే ఒక కర్టెను కుట్టి పెడితే ఎలా ఉంటుందా అని కోడలు ఆలోచించి, బ్యాంకుకి కిటికీలు లేవని గమనించి, థాంక్స్ చెప్పి వచ్చేసింది.

మెట్ల మీదే నిలబడి హాలుకు ఫోన్ చేసింది. అకౌంటెంటు ఎత్తింది. ఆవిడ గొంతులో కోపం ఎప్పుడూ ఉండదు. అందుకే ఆవిడతో మాట్లాడాలంటే కోడలికి కొంచెం బెరుకు.

"సరైన నంబరు దొరికిందండీ. ఇదివరకు ఇచ్చింది స్లిప్పు మీదది. చెక్కు మీదది ఇవ్వాలట."

"చెప్పండి, రాసుకుంటాను." రాసుకుంది. తిరిగి చదివి వినిపించింది. "సరే. కానీ పంపలేనమ్మా."

"ఎందుకండీ?"

"మీ మావగారు ఫోన్ చేశారు."

కోడలు మెట్టు మీద కూర్చుంది.

"నేను అంకెలు తప్పు కొట్టానని మా కార్యదర్శిగారికి చెప్పారు. నేను రాతపూర్వకంగా ఒప్పుకోవాలన్నారు. కార్యదర్శిగారు నా మీద విచారణ వేశారు. అది తేలేదాకా మీ పేర చిల్లిగవ్వ కదలదు."

"ఎప్పటికి తేలుతుందండీ?"

"పోయినసారి విచారణ కుర్చీల మీద వేశారు. ఆ కుర్చీలు విరిగిపోయాయి. విచారణ ఇంకా ఉంది." ఆవిడ ఇది కూడా నవ్వకుండానే చెప్పింది. "ఫిర్యాదు చేసినాయనే వెనక్కి తీసుకుంటే ఇవాళే పంపిస్తాను. ఆయనే, తన నోటితో, తప్పు ఎవరిదో చెప్పాలి. మేం ఆఫీసు మూసేలోపల. లేదంటే రేపు పొద్దున్నే తెరకి రెండో కొటేషను ఇచ్చినవాళ్ళకి కబురెళ్తుంది."

"మీకు ఇబ్బంది కలిగించాం," అంది కోడలు.

"నాకు ఇది ఇంకా ప్రొబేషనమ్మా," అంది ఆవిడ. ఫోన్ పెట్టేసింది.

ఇంటికి నడుస్తూ కోడలు తన ముందున్న పనిని బేరీజు వేసుకుంది. మామగారు ఏ విషయంలోనైనా తప్పొప్పుకోగా తను చూడలేదు. అత్తగారిని అడిగితే ఆవిడా చూడలేదనే అంటుంది. గొడుగు పోగొట్టుకొచ్చినప్పుడు కూడా గొడుగుదే నిర్లక్ష్యం అన్నారు. అచ్చాఫీసులో ఆయన చేతి మీదుగా వెళ్ళిన పుస్తకాల్లో తప్పొప్పుల పట్టిక ఒక్కదానికీ వేయాల్సిన పని పడలేదని ఇంటికొచ్చిన ప్రతి ఒక్కరికీ చెబుతారు. అలాంటి మనిషి చేత సాయంత్రంలోగా, ఫోన్లో, ఒక పరాయి మనిషితో ఆ మాట అనిపించాలి.

వేదికకు తెర కుట్టడం దీనికంటే సులువు.

*

ముందుగదిలో కళ్ళజోళ్ళ షాపాయన టేపు పట్టుకుని గోడలు కొలుస్తున్నాడు. మామగారు టేపు రెండో కొస పట్టుకున్నారు. అత్తగారు టీ కప్పుతో గుమ్మంలో నిలబడి, ఇవ్వాలా వద్దా అన్నట్టు చూస్తోంది. భర్త కిటికీ గడియ విప్పి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అది నిన్నటిదాకా బాగానే పడేది.

"మరి ఈ మిషనూ?" అన్నాడు షాపాయన.

"అది ఉండదు," అన్నారు మామగారు. అప్పుడే కోడల్ని చూశారు. టేపు కొస వదల్లేదు. "ఏమన్నారు బ్యాంకులో?"

చెప్పెయ్యొచ్చు. రెండు కాగితాలూ బ్యాగులోనే ఉన్నాయి. కానీ చెబితే ఏమవుతుందో ఆవిడకు ముందే తెలుసు. బ్యాంకు వాళ్ళకేం తెలుసంటారు. గుమాస్తాకు జలుబంటారు.

"ఇంకొక్కసారి సరిచూడాలి మావయ్యగారూ," అంది. "ఈసారి మీరేదంటే అదే. నేను మళ్ళీ అడగను."

మామగారి ముఖం కొంచెం విప్పారింది. పెన్సిలు పై జేబులోనే ఉంది. కుట్టు మిషను పక్కన బల్ల ముందు కూర్చుని చేయి చాపారు. కోడలు చెక్కు పుస్తకంలో చెక్కు ఉన్న వైపు తెరిచి ఆయన ముందు పెట్టింది. స్లిప్పు తీసి అత్తగారి చేతికిచ్చింది. అత్తగారు టీ కప్పు షాపాయన చేతిలో పెట్టి కళ్ళజోడు సవరించుకుంది.

"చదువు," అన్నారు మామగారు.

"ఐదు."

పెన్సిలు ఆగింది. "సున్నా."

"ఐదండీ."

"సున్నా అని నా కళ్ళ ముందు కనబడుతుంటే ఐదంటావేంటే?"

"నా కళ్ళ ముందు ఐదుంది మరి."

"కళ్ళజోడు తుడుచుకుని చదువు."

"శుభ్రంగానే ఉంది. కావాలంటే ఈయన్నడగండి, కళ్ళజోళ్ళాయనే కదా."

షాపాయన టీ కప్పుతో సహా వంగి అత్తగారి చేతిలోకి చూశాడు. "ఐదేనండీ," అన్నాడు. ఇటు తిరిగి మామగారి ముందుకి చూశాడు. "ఇదేమో సున్నా. ఇద్దరి చూపూ బాగానే ఉంది." ఆ మాట అనేటప్పుడు అతని గొంతులో కాస్త నిరాశ కూడా ఉంది.

"ఇలా ఇవ్వు," అని మామగారు స్లిప్పు లాక్కున్నారు. రెండూ పక్కపక్కన పెట్టుకున్నారు. ఎడమ చేతి చూపుడువేలు స్లిప్పు మీద, కుడి చేతి పెన్సిలు చెక్కు మీద, మొదటి అంకె నుంచి చివరి అంకె దాకా నడిచాయి. మళ్ళీ మొదటికొచ్చాయి. ఇంకోసారి నడిచాయి.

టిక్కు ఒక్కటీ పడలేదు.

"ఒక్క పుస్తకంలోవే కదా ఇవి," అన్నారు. ఆయన గొంతులో వచ్చిన మార్పు అత్తగారు ఒక్కతే పట్టుకుంది.

గుమాస్తా అన్న మాటలన్నీ కోడలు తిరిగి చెప్పింది, తుమ్ములు తీసేసి. లోపలి నంబరు, బయటి నంబరు, జాబితాలో లేనందుకు వెనక్కి రావడం. తొమ్మిదో అంకె కాపలా సంగతి చివర్న చెప్పింది, ఎవరి ముఖమూ చూడకుండా.

"మరి నేను సరిచూసింది?"

"మీరు సరిగ్గానే చూశారు మావయ్యగారూ. ఒక్క అంకె పోలేదు. పోల్చుకున్న కాగితమే వేరే."

ఆయన పెన్సిలు జేబులో పెట్టుకోబోయి, జేబు దొరక్క, మళ్ళీ బల్ల మీద పెట్టారు.

"ఒకే పుస్తకంలో రెండు నంబర్లు అచ్చేస్తారా ఎవరైనా? చదువుకున్నవాళ్ళు చేసే పనేనా? ఇది ముమ్మాటికీ బ్యాంకు వాళ్ళ తప్పు."

"అవునవును," అంది అత్తగారు. "చెక్కు పంపమని హాలు వాళ్ళు అడగడం కూడా బ్యాంకు వాళ్ళ తప్పే. చెక్కు చింపనని మీరు భీష్మించుకోవడమూ వాళ్ళ తప్పే."

"నువ్వు ఊరుకో."

"ఊరుకోబట్టే ఇన్నాళ్ళూ చదివాను."

కిటికీ గడియ ఎంత తిప్పినా బిగియడం లేదు. షాపాయన టేపు చుట్టుకుంటున్నాడు, చప్పుడవకుండా.

"మావయ్యగారూ," అంది కోడలు, "పొద్దున మీరు హాలుకి ఫోన్ చేశారట."

"ఎప్పుడు చేశారు?" అంది అత్తగారు. "నన్ను ఉల్లిపాయలకి పంపినప్పుడా? ఇంట్లో గంపెడున్నాయి కదా అని అప్పుడే అనుకున్నా."

కోడలు మిగిలింది కూడా చెప్పింది. ఆ అకౌంటెంటు మీద విచారణ. ఆవిడది ఇంకా ప్రొబేషను. ఫిర్యాదు ఈయనే వెనక్కి తీసుకోవాలి, నోటితో, ఇవాళే, తప్పు ఎవరిదో చెప్పి.

"ఉత్తరం రాస్తాను," అన్నారు మామగారు. "వివరంగా. రేపు పొద్దున్నే వేస్తే..."

"రేపు పొద్దున ఆర్డరు ఇంకొకళ్ళకి వెళ్ళిపోతుంది."

"ఇంత వయసొచ్చి, ముక్కూ ముఖమూ తెలియని మనిషితో ఫోన్లో ఏమని చెప్పను?"

"పొద్దున తెలియకుండానే చెప్పారుగా," అంది అత్తగారు.

కోడలు బతిమాలుతుందని అందరూ ఎదురుచూశారు. బతిమాలలేదు. మిషను దగ్గరికెళ్ళి కూర్చుని, సూదిలోంచి దారం లాగేసింది. దారపు కండె తీసి డబ్బాలో పెట్టింది.

"చేయకపోతే పోనీండి మావయ్యగారూ. మనం మాట్లాడుకున్న ప్రకారం మిషను తీసేస్తాను. ఆయన గది కొలుచుకున్నారు కూడా. నాకు పోయేది ఒక ఆర్డరు. ఆవిడకి పోయేది ఉద్యోగం."

షాపాయన తాగని టీ కప్పు ఎక్కడ పెట్టాలో తెలియక అటూ ఇటూ చూశాడు. "నేను మళ్ళీ వస్తానండీ," అన్నాడు.

"కూర్చోండి," అంది అత్తగారు. "టీ చల్లారిపోతుంది."

అతను కూర్చున్నాడు.

భర్త గడియ పక్కన పెట్టాడు. స్క్రూడ్రైవరు దాని మీద పెట్టాడు. లేచి నిలబడ్డాడు. పెళ్ళయ్యాక ఒక గొడవ మధ్యలో అతను ఖాళీ చేతులతో నిలబడటం కోడలు చూడటం అదే మొదలు.

"నాన్నా, ఫోన్ చెయ్యండి," అన్నాడు.

మామగారు కొడుకు ముఖంలోకి చూశారు, అచ్చులో కొత్త అక్షరం కనబడితే చూసినట్టు. తర్వాత ఫోన్ అందుకున్నారు.

"అమ్మా, నేను... పొద్దున ఫోన్ చేసినాయన్ని."

"చెప్పండి," అంది అవతలి గొంతు. గది చిన్నది, ఫోన్ పాతది. అందరికీ వినబడుతోంది.

"ఆ విషయమే. మీ ఫారంలో రద్దు చేసిన చెక్కు అన్న మాట ఉంది చూశారా, అది చదివేవాళ్ళకి కొంచెం..." అత్తగారు దగ్గింది. "అదలా ఉంచండి. మొత్తం మీద చిన్న పొరపాటు జరిగింది."

"ఎవరి వల్ల జరిగిందండీ?"

"జరిగిందమ్మా. జరుగుతుంటాయి."

"అలా రాసుకోడానికి లేదండీ. ఎవరిదో రాయాలి."

మామగారు ఫోన్ ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నారు. "మీది కాదు. అది మాత్రం రాసుకోండి. మీరు అంకెలు సరిగ్గానే కొట్టారు."

"సరే. నాది కాదు." అవతల కలం కదిలిన చప్పుడు. "అయితే మీ కోడలుగారిదా? ఫారం మీద రాత ఆవిడదే కదా."

కోడలి చేతిలో మిషను అడుగు నుంచి తీసిన చిన్న దారపు చుట్ట, బాబిన్, ఉంది. దాని మీద మిగిలిన దారం వేలికి చుట్టుకుంటూ ఉండిపోయింది.

అవును అంటే చాలు. ఆ ఒక్క మాటతో విచారణ పోతుంది, అడ్వాన్సు వస్తుంది, తానులు వస్తాయి, మిషను ఉన్నచోటే ఉంటుంది. కామాగారి పేరు చెక్కుచెదరదు. నష్టమల్లా ఫైల్లో ఒక గడిలో తన పేరు పడటమే. అంతే కదా అని కోడలు తనకు తను చెప్పుకుంది. ఆర్డరు కావాలనుకున్నది తనే. ఆర్డరు వస్తోంది. ఇంకేం కావాలి?

కానీ వేలికి చుట్టుకున్న దారం బిగుసుకుని, వేలికొన తెల్లబడింది. అది కూడా ఆవిడ చూసుకోలేదు.

అత్తగారు మామగారి ముఖం చూస్తోంది. కొడుకు తండ్రి ముఖం చూస్తున్నాడు. షాపాయన ఒక్కడు టీలోకి చూస్తున్నాడు.

"హలో?" అంది అవతలి గొంతు. "కోడలుగారిదని రాయమంటారా?"

"వద్దు," అన్నారు మామగారు.

"అంటే?"

"ఆ పిల్ల సరిగ్గానే రాసిందమ్మా. నేనిచ్చిన కాగితంలో ఏముందో అదే రాసింది. ఆ కాగితమే తప్పు. అది ఇచ్చింది నేను. మీరు అడిగింది ఇవ్వకుండా నాకు తోచింది ఇచ్చాను." అక్కడ ఆగారు. ఊపిరి తీసుకున్నారు. "తప్పు నాది."

చివరి మాట దాదాపు వినబడలేదు.

"ఏమనుకోకండి," అంది అకౌంటెంటు, "ఒక్క నిమిషం ఉంటారా? ఈ మాట కార్యదర్శిగారు కూడా వినాలి. స్పీకర్లో పెడుతున్నాను."

ఫోన్లో కుర్చీ లాగిన చప్పుడు, ఎవరో నడిచొచ్చిన చప్పుడు, తలుపు. మామగారు ఫోన్ పట్టుకుని అలాగే ఉన్నారు. పెట్టేయొచ్చు. లైను పోయిందనొచ్చు. ఫోన్ మొదలయ్యాక కోడలు మొట్టమొదటిసారి తలెత్తి ఆయన్ని చూసింది. ఆయన ఆవిడ వైపు చూడలేదు. కుర్చీలోంచి లేచారు, బల్ల అంచు పట్టుకుని.

"ఆఁ, చెప్పండి," అంది ఒక మగ గొంతు, విసుగ్గా. "ఎవరిదంటారు తప్పు?"

"నాదండీ," అన్నారు మామగారు.

"కాస్త గట్టిగా."

"తప్పు నాదండీ."

"మీ ఒక్కరిదేనా? ఇంట్లో ఇంకెవరైనా..."

"ఇంకెవరిదీ కాదు," అన్నారు ఆయన, వీధిలోకి వినబడేలా. "నాదొక్కడిదే."